నగ పోయింది సరే... బీమా సొమ్ము వస్తుందా?

చిత్తూరులో మా పిన్నివాళ్ళు ఇల్లు కట్టుకున్నప్పుడు బ్యాంకు అప్పుతో పాటు ఒక బీమా పాలసీ కూడా తీసుకున్నారు. తీసుకున్నారు అనేకంటే, చూపించిన చోటల్లా బాబాయి సంతకాలు పెట్టాడు అనడం నిజం. ఇంటికి, సామాన్లకి, నగలకి అన్నింటికీ కలిపి పాలసీ ఉందని పిన్నికి ధీమా. పోస్టులో వచ్చిన ఆ కవరు బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉండిపోయింది. దాన్ని చింపి చూసిన వాళ్ళు లేరు.

ఒకసారి కాణిపాకంలో బంధువుల పెళ్ళికని ఇంటిల్లిపాదీ వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయారు. మరునాడు మధ్యాహ్నం వచ్చేసరికి వీధి తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల బీరువా మాత్రం తెరిచి ఉంది. కూతురి పెళ్ళికని ఒక్కొక్కటే కూడబెట్టిన తొమ్మిది సవర్ల నగలు లేవు. తాళంచెవి ఎప్పటిలాగే తులసికోట వెనక గూట్లో పెట్టి వెళ్ళారు. తీసినవాడు పని ముగించుకుని మళ్ళీ అక్కడే పెట్టి మరీ పోయాడు!

పోలీసులొచ్చారు, కేసు రాసుకున్నారు. బీమా కంపెనీ పంపిన సర్వేయరూ వచ్చి తలుపులు, కిటికీలు, పెరటి గోడ అన్నీ చూసి వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. ఇంట్లోకి బలవంతంగా ప్రవేశించిన ఆనవాళ్ళు లేవు కాబట్టి మీ క్లెయిము చెల్లించలేము అని దాని సారాంశం. పిన్ని ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "తలుపు పగలగొట్టింటేనే దొంగతనమంటనా పాపా? తాళంచెవి తీసుకోని వచ్చినోడు దొంగ కాదా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్న సంగతులే ఇవి. మనలో చాలామందికి నగలున్నాయి, కొందరికి బీమా కూడా ఉంది. ఏం పోతే ఎంత వస్తుంది, ఎప్పుడు రాదు అన్నది మాత్రం పోయాకగానీ తెలియడం లేదు.

"పోవడం"లో ఎన్ని రకాలో!

మనకి నగ పోయిందంటే పోయిందే. బీమా కంపెనీకి మాత్రం అది ఎలా పోయిందన్నదే ముఖ్యం. తలుపో కిటికీనో పగలగొట్టి, లేదా మనల్ని బెదిరించి ఎత్తుకుపోవడం ఒక రకం. తెరిచిన ఇంట్లోకి చడీచప్పుడు లేకుండా వచ్చి పట్టుకుపోవడం ఇంకో రకం. మెడలోని గొలుసు తెంపుకుపోవడం వేరు. జాతరలోనో పెళ్ళిలోనో ఎక్కడో జారిపడిపోవడం వేరు. "బీరువాలోనే పెట్టాను, ఎప్పుడు పోయిందో తెలీదు" అనడం మరీ వేరు. కారణం చెప్పలేని ఈ ఆఖరి రకానికి చాలా పాలసీల్లో పైసా రాదు.

ఇంటి పాలసీల్లో దొంగతనం అనే భాగం సాధారణంగా మొదటి రకానికే వర్తిస్తుంది. ఇది పిన్నికి ఒక్కదానికే ఎదురైన చిక్కు కాదు. ఒక వ్యాపారి గోదాములోని సరుకు ఏ తాళమూ పగలకుండానే మాయమైన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకీ హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ అనే సంస్థకూ నడిచిన ఆ వ్యాజ్యంలో 2004లో తీర్పు వచ్చింది. దొంగతనానికి బలప్రయోగం తోడై ఉండాలని పాలసీలో రాసి ఉంటే, ఆ మాటకు కట్టుబడాల్సిందేనని కోర్టు చెప్పింది. సొమ్ము రాబట్టుకోవాలంటే బలప్రయోగం జరిగినట్టు చూపించాలన్న సంగతి మామూలు మనిషికి అర్థం కావడం కష్టం, కంపెనీలు ఈ నిబంధనను మార్చుకుంటే మేలు అని కూడా అదే తీర్పులో అంది. కోర్టు కూడా పిన్నిలాగే అనుకుందన్నమాట. కానీ కాగితంమీద ఉన్న మాటే నెగ్గింది.

మీ పాలసీ ఏ రకం?

మీ ఇంట్లో ఉన్నది ఏ పాలసీయో ముందు పేరు చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకి "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీ అమల్లోకి వచ్చింది. అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే రకమైన నిబంధనలతో ఇస్తున్న పాలసీ ఇది. అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం వంటివి ఇందులో ఉన్నాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులు గుర్తున్నాయి కదా, అలాంటి నష్టాలకు పనికొచ్చేది ఇదే.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఇంటి సామానుకు బీమా దానంతటదే వస్తుంది గానీ నగలకు రాదు. విలువైన వస్తువులకు ప్రత్యేకంగా అడిగి, అదనంగా కట్టి చేర్పించుకోవాలి. రెండోది, వరదో అగ్నిప్రమాదమో జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే ఈ పాలసీ పలుకుతుంది. మామూలు రోజుల్లో దొంగ పడితే ఇది పలకదు. దానికి దొంగతనం బీమా విడిగా తీసుకోవాలి.

అంతకుముందు నుంచీ ఉన్నవి గృహస్థుల ప్యాకేజీ పాలసీలు. వీటిలో ఇల్లు, సామాను, దొంగతనం, నగలు, టీవీ, ఫ్రిజ్ అని విడివిడి భాగాలుంటాయి. మనం ఎంచుకుని డబ్బు కట్టిన భాగమే వర్తిస్తుంది. నగల భాగాన్ని "ఆల్ రిస్క్" పద్ధతిలో తీసుకుంటే ఇంట్లో ఉన్నప్పుడే కాదు, ఒంటిమీద ఉన్నప్పుడు, ప్రయాణంలో ఉన్నప్పుడు కూడా రక్షణ ఉంటుంది. గొలుసు తెంపుకుపోయినా అడగొచ్చు. ప్రీమియం ఎక్కువే. గంగమ్మ జాతరకీ పెళ్ళిళ్ళకీ నగలు పెట్టుకు తిరిగేవాళ్ళు ఆలోచించాల్సింది దీని గురించే.

నగల దుకాణాల్లో ఏడాది పాటు ఉచిత బీమా అని చెబుతుంటారు. సంతోషమే. కానీ నోటిమాటతో సరిపెట్టుకోకుండా బీమా పత్రం అడిగి తీసుకోండి. ఏయే సందర్భాలకు వర్తిస్తుందో, ఎప్పటితో ముగుస్తుందో అందులో ఉంటుంది.

ఏ పాలసీలోనైనా "వర్తించనివి" అని ఒక జాబితా ఉంటుంది. ముందు చదవాల్సింది అదే. ఇంట్లోవాళ్ళ చేతివాటం, పాలసీలో చెప్పినన్ని రోజులకు మించి ఇల్లు ఖాళీగా వదిలేయడం, అరుగుదల, తయారీ లోపం లాంటివి అందులో కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న బిడ్డ దగ్గరికి ఆరు నెలలు వెళ్ళేవాళ్ళు ఇల్లు ఖాళీగా ఉండే నిబంధనను మరీ మరీ చూసుకోవాలి. వెళ్ళేముందు కంపెనీకి ఉత్తరం రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకుంటే మంచిది.

అమ్మ ఇచ్చిన నగకి బిల్లెక్కడిది?

"ఈ నగ మీదేనని, ఇంత బరువని ఎలా తెలుస్తుంది?" సర్వేయరు అడిగే మొదటి ప్రశ్న ఇది. ఆడవాళ్ళకి చిక్కొచ్చేదీ ఇక్కడే. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలకి బిల్లు నాన్న పేరుమీద ఉంటుంది, లేకపోతే అసలుండదు. అమ్మమ్మ గాజులు కరిగించి ఆచారి దగ్గర చేయించిన దండకి తుండు కాగితంమీద లెక్క తప్ప ఇంకేం ఉంటుంది?

బిల్లు లేనంత మాత్రాన దారి మూసుకుపోలేదు. బీమా చేయించేటప్పుడే గుర్తింపు పొందిన విలువ కట్టేవారి దగ్గర నగలు తూకం వేయించి, ఒక్కోదాని బరువు, మెరుగు, రాళ్ళ వివరం రాయించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. భారత్ గృహ రక్షలో నగలకు రాసే మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే ఇప్పటి ధరల్లో లక్ష దాటని దండ ఎవరి మెడలో ఉందో చెప్పండి!

కొత్తగా కొనే నగలకి ఈ బాధ తగ్గింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలమీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ఏ నగ సంఖ్య దానిదే. ఆ సంఖ్యని బిల్లుతో పాటు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పాతవాటికి పెళ్ళి ఫొటోలు, నగలు పెట్టుకుని దిగిన ఫొటోలు కూడా సాక్ష్యానికి పనికొస్తాయి. బ్యాంకులో కుదువ పెట్టి విడిపించిన నగలైతే ఆ రసీదులో బరువు ఉంటుంది. చాలామంది అప్పు తీరగానే దాన్ని చించేస్తారు. చించకండి.

తిరుపతి గోవిందరాజస్వామి ఆలయంలో 2019 ఫిబ్రవరి 2న మూడు బంగారు కిరీటాలు మాయమైన సంగతి మనందరికీ గుర్తే. ఏప్రిల్‌లో నిందితుడు మహారాష్ట్రలో దొరికేసరికి కిరీటాలు కరిగిపోయాయి. దేవుడి నగలకైతే ఏది ఎంత బరువో రికార్డు ఉంది కాబట్టి, పోయింది ఇంత అని ఖచ్చితంగా చెప్పగలిగారు. మన దండ కరిగి ముద్దయి దొరికితే, ఇది నాది అని చెప్పడానికి మన దగ్గర ఏముంది?

నగలు లెక్కరాసి బీమా చేయిస్తే ఇన్‌కంట్యాక్సువాళ్ళు వస్తారేమోనని కొందరి భయం. ఇన్‌కంట్యాక్సు సోదాల్లో పెళ్ళయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్ళికాని అమ్మాయికి 250 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 మే 11నే ఉత్తర్వులున్నాయి. లెక్క ఉన్న బంగారానికి భయమెందుకు?

పోయిన రోజు ఏం చేయాలి?

ఏడుపొస్తుంది, నిజమే. కానీ చేతులు మాత్రం కట్టేసుకోండి. బీరువా సర్దకండి, తలుపు గొళ్ళెం బాగుచేయించకండి, ఇల్లు ఊడ్చకండి. పగిలిన గొళ్ళెమే మీ సాక్ష్యం. ఫొటోలు తీసి పెట్టుకోండి.

వెంటనే పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదులో "కొన్ని నగలు" అని రాయకుండా ఒక్కోదాని పేరు, బరువు రాయండి. తర్వాత గుర్తొచ్చి చేర్చేవాటిని కంపెనీ అనుమానంగా చూస్తుంది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా పొందడం ఫిర్యాదుదారు హక్కు. ప్రయాణంలో పోతే, సంఘటన జరిగిన చోటే ఇవ్వాలని లేదు. ఏ స్టేషనులోనైనా "జీరో ఎఫ్.ఐ.ఆర్." రాస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో గొలుసు తెంపుకుపోవడం లాంటి లాగివేతలు 304వ సెక్షను కింద విడి నేరం. ఆ సెక్షను ఎఫ్.ఐ.ఆర్.లో ఉంటే ఎలా పోయిందన్న వాదనకు తావుండదు.

అదే రోజు బీమా కంపెనీకి ఫోను, ఆపైన ఈ-మెయిలో ఉత్తరమో పంపండి. ఫోను చేసిన నంబరు, సమయం రాసుకోండి. ఒకవేళ ఆలస్యమైతే అంతా అయిపోయిందనుకోకండి. వాహనం దొంగతనానికి సంబంధించిన గుర్‌షిందర్ సింగ్ కేసులో 2020 జనవరి 24న సుప్రీంకోర్టు, పోలీసులకి వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని చెప్పింది. అందుకని రెండింటిలో ముందు పోలీసు స్టేషను.

రైల్లో పోతే రైల్వేవాళ్ళిస్తారనుకునేవాళ్ళున్నారు. రసీదు తీసుకుని అప్పగించిన సామాను కానప్పుడు, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యాన్ని మనం ఋజువు చేస్తే తప్ప వాళ్ళకి బాధ్యత లేదని రైల్వే చట్టం 100వ సెక్షను చెబుతుంది. ప్రయాణికుడు తన దగ్గరున్న సొత్తును తానే కాపాడుకోవాలని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అంది. టిక్కెట్టుతో పాటు పైసల్లో కట్టే రైలు ప్రయాణ బీమా ప్రాణానికీ గాయాలకే గానీ నగలకు కాదు.

సర్వేయరు లెక్క

సర్వేయరు కంపెనీ ఉద్యోగి కాదు, లైసెన్సు ఉన్న మధ్యవర్తి. ఎలా పోయింది, ఎంత పోయింది, పాలసీ ప్రకారం ఎంత రావాలి అని లెక్కగట్టి నివేదిక ఇస్తాడు. అడిగినవి జాబితాగా రాసి ఇమ్మనండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి. అనవసరమైన కాగితాలు లేవన్న సాకుతో క్లెయిము తిరస్కరించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించింది.

ఇక డబ్బు లెక్క. తిరుపతిలో మా పక్కింటావిడకి పెరటి తలుపు పగలగొట్టి దొంగతనం చేశారు. క్లెయిము ఒప్పుకున్నారు. పోయిన నగల విలువ 2 లక్షలు. ఆవిడకి లెక్కగట్టింది లక్ష. ఎందుకంటే, పాలసీలో నగలకి రాసింది 3 లక్షలు. పోయినవీ మిగిలినవీ కలిపి ఆ రోజు ధరకి ఇంట్లో నగల విలువ 6 లక్షలు. సగానికే బీమా కట్టారు కాబట్టి నష్టంలోనూ సగమే. దీన్నే తక్కువ బీమా అంటారు. పాలసీ తీసుకున్నప్పుడు రాసిన అంకె సరైనదే, తర్వాత బంగారమే పరుగెత్తింది. 2015లో 10 గ్రాముల మేలిమి బంగారం 30 వేల లోపే ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. పునరుద్ధరించేటప్పుడల్లా అంకె పెంచకపోతే మన బీమా ఏటేటా చిక్కిపోతుంది. ముందే విలువ ఒప్పుకుని రాసిన పాలసీల్లో ఈ బాధ ఉండదు.

తరుగు, మజూరీ, రాళ్ళ ఖరీదు ఇస్తారా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. ఒక్కో వస్తువుకి ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి కూడా ఉండొచ్చు. పెద్ద నగల్ని విడిగా పేరు రాసి చేర్పిస్తే ఆ పరిమితి అడ్డు రాదు.

సొమ్ము ఇచ్చేముందు, దొంగ దొరకలేదన్న పోలీసుల తుది నివేదిక సాధారణంగా అడుగుతారు. తర్వాత నగ దొరికితే కంపెనీకి తెలుపుతామని రాయించుకుంటారు. డబ్బు తీసుకున్నాక ఆ నగ మీద హక్కు వాళ్ళది. అమ్మ గుర్తు కదా, నగే కావాలనుకుంటే డబ్బు తిరిగిచ్చి తీసుకునే వీలుందేమో అడగాలి.

లాకర్లో పెడితే?

లాకర్లో ఏముందో బ్యాంకుకి తెలీదు, దానికి బ్యాంకు బీమా చేయించదు. కలకత్తాలో ఒకాయన లాకరును బ్యాంకు చెప్పకుండా పగలగొట్టి తెరిచి, ఏడు నగల్లో రెండే తిరిగిచ్చిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బ్యాంకుకి గట్టిగా అక్షింతలు వేసింది. ఆ తర్వాత వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమలవుతున్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల లాకర్లోవి పోతే ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత. 3 వేల అద్దె కడుతుంటే గరిష్ఠంగా 3 లక్షలు. అందులో ఉన్నవి 20 లక్షలవైనా అంతే. వరద, భూకంపం లాంటి వాటికి ఆ బాధ్యతా లేదు. అయినా తులసికోట కంటే లాకరే నయం!

కాదంటే ఊరుకోవాలా?

క్లెయిము కాదన్నప్పుడు ఏ నిబంధన కింద కాదంటున్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు. 50 లక్షల దాకా విచారిస్తారు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. నియంత్రణ సంస్థ ఉచిత ఫోను 155255. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ళ గడువు. మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు.

మా పిన్ని కంపెనీకి రాసింది, అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళింది. పాలసీలో ఉన్న మాట ప్రకారం కంపెనీదే సరి అన్నారు. బీమా ఆశ వదులుకుని, మిగిలిన రెండు గాజులూ కుదువ పెట్టి కూతురి పెళ్ళి చేసింది. "ఆ కవరు ఒక్కసారి చింపి ఎవరితోనైనా చదివించుకోనింటే, తాళంచెవి బయట పెట్టేదాన్నా?" అంటుంది ఇప్పటికీ.

మనం వరలక్ష్మీ వ్రతానికి నగలన్నీ తీసి అమ్మవారికి అలంకరిస్తాం కదా, ఈసారి తిరిగి పెట్టేముందు ఒక్కోదాన్నీ ఫొటో తీయండి, తూకం వేయించి పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం నగలున్న బీరువాలో కాకుండా వేరేచోట ఉంచండి. పాలసీ కవరు చింపండి. ఇంగ్లీషు రాదంటారా, కాలేజీకెళ్ళే పిల్లల్ని కూర్చోబెట్టి "వర్తించనివి" అన్న పేజీ చదివించుకోండి. ఒక్క సాయంత్రం పని. తాళంచెవి మాత్రం ఎక్కడికెళ్ళినా మీతోనే ఉండనివ్వండి.